పరంధామయ్య పేరు చుట్టూ గీత

కరెంటు పోతే ఊరంతా ఉసూరుమంటుంది గానీ వెంకటపతికి మాత్రం పండగే. పెరంబూరు స్టేషన్ వెనక సందులో కార్డులూ నోటీసులూ కొట్టిచ్చే కంప్యూటర్ సెంటర్ ఒకటుంది. అందులో అతనొక్కడే పనివాడు. మిషను ఆగితే చేతులు ఖాళీ, చేతులు ఖాళీ అయితే నోటికి పని. షట్టర్ సగం దించి, ఎదురుగా ఉన్న చిన్నప్ప టీకొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూచున్నాడంటే, మళ్ళీ కరెంటు వచ్చేదాకా ఆ సందులో కోతలే కోతలు. మద్రాసు పేరు చెన్నై అయి అప్పటికి ఏడాది కాలేదు. ఊళ్ళో బోర్డులన్నీ మార్పించింది తానేనని చెప్పుకున్న మనిషి.

ఆ రోజు మూడు గంటలకు కరెంటు పోయింది. పది నిమిషాలకు పరంధామయ్య ఆ సందులోకి వచ్చాడు.

పరంధామయ్యకు డెబ్బై రెండేళ్ళు. అయనావరం నుంచి ఎండలో నడిచొచ్చాడు. పెరంబూరు రైలు వర్క్‌షాపులో, రంగుల సెక్షన్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. రైలుపెట్టె పక్కన ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి పసుపు గీత ఉంటుందే, దాన్ని కుంచెతో, ఎక్కడా వంకర పోకుండా లాగడం ఆయన పని. జీవితమంతా గీతలు గీసి బతికిన ఆ మనిషికి ఈ వయసులో ఒక గీత వల్లే తిప్పలొచ్చాయి.

ఆయన మనవరాలు ఇంద్రజ పెండ్లి ఇంక పన్నెండు రోజులుంది. కార్డులు అచ్చయి వచ్చాయి, మూడు వందలూ పంచేశారు. పంచాక, మొన్న చూసుకుంటే ఏముంది? 'పరంధామయ్య గారి పౌత్రి' అన్న చోట ఆయన పేరు చుట్టూ నాలుగు వైపులా దబ్బనమంత లావు గీత. అచ్చు కుంకుమ రంగే గానీ ముదురు కుంకుమ. ఎండలో చూస్తే ఎరుపు, ఇంట్లో చూస్తే నలుపు. పేపర్లో పోయినవాళ్ళ ప్రకటన ఎట్లా ఉంటుందో అచ్చం అట్లాగే ఉంది. పొద్దున ఇద్దరు పాత స్నేహితులు పూలదండలు పట్టుకొచ్చి, తలుపు ఆయనే తీసేసరికి కొయ్యబారిపోయారు.

అంతవరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ వ్యాసర్పాడిలో పెండ్లికొడుకు నాయనమ్మ భువనేశ్వరమ్మ నవ్వలేదు. "మనిషి బతికే ఉండాడు, సరే, సంతోషం. బతికుండే మనిషి పేరుకు చావుగీత గీయమని చెప్పింది ఎవరు? మీ ఇంట్లోనే ఎవరికో ఆ మనసుండాది. ఈ సాయంత్రం లోపల జవాబు చెప్పండి. అది ఎవరో తేలేదాకా మా పిల్లోడు పీటల మీద కూచోడు" అని కబురు పెట్టింది.

ఆ మాట పరంధామయ్య గుండెలో ముల్లులా దిగింది. ఎందుకంటే నెల కింద, రిసెప్షన్‌కి నాదస్వరమా, సినిమా పాటల లైట్ మ్యూజిక్కా అని మాటా మాటా పెరిగినప్పుడు, కొడుకు సాయిరామ్ "నువ్వుండేదాకా ఈ ఇంట్లో నా ఇష్టం ఏదీ జరగదు" అన్నాడు. కార్డు అచ్చుకిచ్చింది సాయిరామే. ప్రూఫు చూసిందీ సాయిరామే. 'నువ్వా రా చెప్పింది?' అని పొద్దున అడగబోయి ఆగిపోయాడు. అవునంటే ఏం చేయాలో తెలియక ఆగిపోయాడు. అందుకే కొడుకుని అడగకుండా, ఆ గీత గీసినవాణ్ణే అడుగుదామని కార్డు జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

"ఈడ కంప్యూటర్లో గీతలేసేది ఎవరప్పా?" అని చిన్నప్పను అడిగాడు.

"అదో, కూచోనుండాడే, ఆయనే. కరెంటు వచ్చేదాకా లేవడు. కూచోండి పెద్దాయనా, టీ తాగండి."

"చక్కెర లేకుండా ఇయ్యి."

కాలర్ పట్టుకుందామనే వచ్చాడు పరంధామయ్య. కానీ వెంకటపతి అప్పుడు మాట్లాడుతున్నది గీతల గురించే. బెంచీ మీద ఇద్దరు వింటున్నారు. ఒకరు కాగితం కట్టల బండి లాగే మాదయ్య, ఇంకొకరు అదే సందులో కార్డులు మడిచి కవర్లలో పెట్టే అమ్మణి. కోప్పడితే మనిషి నోరు మూసుకుంటాడు, వింటానంటే ఇంటిగుట్టంతా చెప్తాడు అని పెద్దాయనకు తెలుసు. దానికి తోడు, కుంచె లేకుండా గీత ఎట్లా పడుతుందన్నది ఆయనకు ఎప్పటినుంచో ఉన్న వింత. బెంచీ చివర సర్దుకుని కూచున్నాడు.

"నేను చెప్పేది తొంబై మూడో సంవత్సరం" అంటున్నాడు వెంకటపతి. "అప్పుడు ఈ సందులో కంప్యూటరంటే చెప్పులు బయట ఇడిచి వచ్చేవాళ్ళు. ఓట్టేరి నుంచి ఒక మిఠాయి అంగడాయన వచ్చినాడు. దీపావళి నోటీసు. జిలేబీ గురించి ఒక పేరా, మైసూరుపాకు గురించి ఒక పేరా. ఎంత అచ్చేసినా ఎవడూ చదవడం లేదయ్యా అని ఏడ్చినాడు. నేనేమి చేసినానంటే, కంప్యూటర్లో పేజీలు పేర్చే పేజ్‌మేకర్లో ఆ మైసూరుపాకు పేరా పట్టుకోని, దాని చుట్టూ ఒకే ఒక గీత వేసినాను. సన్న గీత. వెంట్రుకంత. అంతే! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది తంబీ?" అంది అమ్మణి.

"ఎనిమిదింటికి అంగడి తెరిస్తే తొమ్మిదింటికి మైసూరుపాకు కాలీ. జిలేబీ అట్లనే ఈగలు తోలుకుంటా ఉండాది. ఎందుకు? దాని చుట్టూ గీత లేదు గదా!"

"అయ్యుంటుందిలే" అన్నాడు మాదయ్య. "గీత ఉంటే కన్ను ఆడికే పోతుంది."

పరంధామయ్య కూడా తల ఊపాడు. పసుపు గీత పడనంతవరకు ఎంత మంచి రైలుపెట్టె అయినా గూడ్సు పెట్టెలాగే కనిపిస్తుంది. ఇంతవరకూ ఈ మనిషి చెప్పింది నమ్మదగ్గదే అనుకున్నాడు.

"అబ్బయా" అన్నాడు మెల్లిగా, "ఆ గీత వేయమని మిఠాయి ఆయనే చెప్పినాడా?"

వెంకటపతి ఆయన వైపు తిరిగి జాలిగా చూశాడు. "ఊరికి కొత్తా పెద్దాయనా? నాకు గీత వేయమని చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. కస్టమర్‌కి గీత సంగతి ఏమి తెలుసు? ఆయన రాసుకోనొచ్చింది ఇచ్చి బయట కూచోవాల్సిందే. గీత ఎక్కడ పడాల, ఎంత లావు పడాల, అదంతా నా ఇష్టం. కలెక్టరొచ్చి నిలబడినా నా ఇష్టమే."

"పెండ్లి కార్డుల్లో కూడానా?"

"పెండ్లి కార్డుల్లోనే మరీ! ముహూర్తం వరుస చుట్టూ నేనొక గీత వేస్తాను. అది వెంకటపతి ముద్ర. ఎవరు అడిగినా, అడగకపోయినా వేస్తాను."

పరంధామయ్య గుండెలో ముల్లు సగం వదులైంది. ఎవరూ చెప్పకుండానే వేస్తాడట. కానీ ముహూర్తం చుట్టూ వేసే గీత తన పేరు చుట్టూకి ఎట్లా వచ్చింది? ఎవరైనా జరపమంటేనే గదా జరుగుతుంది? పైగా ఈ వాగుడుకాయ మాట పట్టుకుని వ్యాసర్పాడి వెళితే భువనేశ్వరమ్మ గుమ్మం కూడా ఎక్కనివ్వదు. ఇంకా వినాలి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ముందుకి వంగాడు.

"సన్న గీతతో ఆగిపోతే నేను వెంకటపతినెందుకు అవుతాను?" అని అతను గొంతు సవరించుకున్నాడు. "ఆ మరుసటేడు ఒక పూల అంగడామె వచ్చింది. ఆమె పేరా చుట్టూ మల్లెమొగ్గల గీత వేసినాను. ఒక్కొక్క మొగ్గ మౌస్‌తో పట్టి పట్టి కూర్చినాను. నూట ఎనిమిది మొగ్గలు! సాయంత్రం అచ్చు వేసి, కట్టలు కట్టి, షట్టర్ దించి ఇంటికి పోయినాను. తెల్లారి వచ్చి షట్టర్ ఎత్తినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వాసన వచ్చిందా?" అన్నాడు చిన్నప్ప.

"ఉత్త వాసనేనా? మొగ్గలన్నీ విచ్చుకోనుండాయి! నేను వేసింది మొగ్గలప్పా, కాగితం మీద ఉండేది పూలు. సందంతా గుమగుమ. స్టేషనుకు పోయే ఆడవాళ్ళు నోటీసు తీసుకోవడం, చదవకుండా తల్లో పెట్టుకోవడం. వెయ్యి నోటీసులు గంటలో అయిపోయినాయి. అంగడామె వచ్చి ఒకటే తిట్లు. నా పూలు ఎవరూ కొనడం లేదు, అందరూ నోటీసులే పెట్టుకుంటా ఉండారు అని."

"ఆ నోటీసు మడిచింది నేనే గదా తంబీ?" అంది అమ్మణి. "నాకు వాసన రాలేదే?"

"నీకు ఆ వారం జలుబక్కా."

"బండి మామూలు కంటే బరువుగా ఉండె" అన్నాడు మాదయ్య మొహం మామూలుగా పెట్టి. "తేనెటీగలు వాలినాయేమో అనుకుంటిని."

"చూసినారా! సాక్షి!" అని వెంకటపతి తొడ చరిచాడు.

అందరూ నవ్వారు గానీ పరంధామయ్య ఆలోచిస్తున్నాడు. పువ్వులు విచ్చుకోవడం సంగతి దేవుడెరుగు, నూట ఎనిమిది మొగ్గల వరుసని నాలుగు వైపులా తిప్పడం మాటలు కాదు. "మూలల్లో ఎట్లా తిప్పినావు నాయనా?" అని అడిగాడు.

వెంకటపతి ఒక్క క్షణం తడబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "మూలకు... మూలకు వేరే మొగ్గ పెట్టాల. పక్కకు వంగింది. లేకపోతే ఆడ ఇరిగినట్టు కనబడుతుంది" అన్నాడు. గొంతు తగ్గిపోయింది. ఆ పూట అతని నోట్లోంచి వచ్చిన మొదటి నిజం అది.

"అంతే, అంతే" అన్నాడు పరంధామయ్య సంబరంగా. "మాకూ అంతే. మూల దగ్గర కుంచె ఎత్తి మళ్ళా పెట్టాల. తిప్పితే చెడిపోతుంది. అక్షరాలు ముందు వేస్తావా, గీత ముందా?"

"అక్షరాలే ముందు. ఊరుంటే గదా ప్రహరీ!"

"మరి గీత వేసినాక అక్షరాలు మార్చాల్సి వస్తే? మా షాపులో అక్షరాలు ఆరి, ఇన్‌స్పెక్టర్ చూసి సరేనన్నాకే గీత లాగనిచ్చేవాళ్ళు. ముందే లాగితే మొత్తం గోకి పారేయాల్సిందే."

"అది కుంచెల కాలం పెద్దాయనా" అన్నాడు వెంకటపతి మళ్ళీ ఛాతీ పొంగించి. "నా గీత పెంపుడు కుక్క మాదిరి. అక్షరం లేచి రెండడుగులు పోయిందంటే, గీత కూడా లేచి, తోకాడించుకుంటా దాని వెనకే పోతుంది. నేను చెప్పను కూడా చెప్పను."

ముప్పై నాలుగేళ్ళలో తనంతట తాను లేచి నడిచిన గీతను పరంధామయ్య చూడలేదు. గొడవ ఇక్కడే ఎక్కడో ఉందని ఆయనకు అనిపించింది.

"ఆ రైలు కత చెప్పు తంబీ, పెద్దాయన కొత్తగా వచ్చినాడు" అని అమ్మణి ఎగదోసింది.

అతనికి కావలసిందీ అదే. "రైల్వే యూనియన్ వాళ్ళు మీటింగు నోటీసు తెచ్చినారు. వీళ్ళకు మామూలు గీత ఎందుకని, రెండు గీతలు జంటగా వేసి, మధ్యలో అడ్డంగా చెక్కలు పరిచి, పేరా చుట్టూ రైలుపట్టాలు వేసేసినాను. ఆ నోటీసును వ్యాసర్పాడి యార్డులో గోడకు అంటించినారు. పొద్దున పదకొండింటికి ఒక గూడ్సు బండి వచ్చింది. డ్రైవరు చూసినాడు. కొత్తగా మెరిసిపోతా ఉండాయి గదా పట్టాలు, ఇదే మన లైనని ఎక్కించేసినాడు. నలభై రెండు వేగన్లు!"

"కాగితం మీదకా?"

"కాగితం మీదకే! పేరా చుట్టూ తిరగతా ఉండాది. ఒక చుట్టు. రెండు చుట్లు. స్టేషను లేదు, సిగ్నలు లేదు. గార్డు ఎర్ర జెండా చూపిస్తే అది ఆయనకే కనబడతా ఉండాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చుట్టుకొకసారి డ్రైవరు లోపలుండే పేరా చదవతా ఉండాడు. యాభై చుట్లు తిరిగేసరికి..."

"బ్రాడ్ గేజా, మీటర్ గేజా?" అన్నాడు పరంధామయ్య.

బెంచీ అంతా ఘొల్లుమంది. కానీ ఆయన ఎగతాళికి అడగలేదు. గేజు సరిపోకపోతే బండి ఎక్కదు గదా అన్నది ఆయన సందేహం.

వెంకటపతి రెప్పలు కొట్టాడు. "బ్రాడ్ గేజే. కాగితం పెద్ద సైజు" అన్నాడు.

"అట్లయితే సరే. మరి బండిని బయటికి ఎట్లా తెచ్చినావు?"

"నన్నే పిలిపించినారు. నేను రబ్బరు తీసుకోని పోయి ఒక మూల చెరిపేసినాను. బండి జర్రున జారి బయటపడి బేసిన్ బ్రిడ్జి దగ్గర పోయి నిలబడింది. డ్రైవరు దిగి పరిగెత్తుకోనొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. ఏమన్నాడో తెలుసా? 'మీటింగు ఆదివారం పదింటికి గదా సార్, తప్పకుండా వస్తాను' అన్నాడు!"

చిన్నప్ప నవ్వు ఆపుకోలేక టీ వడపోసే గుడ్డ కింద పెట్టేశాడు. పరంధామయ్య కూడా నవ్వాడు. రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే జేబు తడుముకున్నాడు, కార్డు చేతికి తగిలింది, నవ్వు ఆగిపోయింది. కరెంటు ఇంకా రాలేదు. సాయంత్రం లోపల వ్యాసర్పాడికి జవాబు చెప్పాలి.

వెంకటపతి మాత్రం ఇప్పుడు ఊపులో ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. "ఇదంతా ఒక ఎత్తు, షావుకారుపేట పెద్దమనిషి సంగతి ఒక్కటే ఒక ఎత్తు. పేరు చెప్పకూడదు, గొప్ప ఇల్లు. డాక్టర్లు చేతులెత్తేసినారు. రేపోమాపో అన్నారు. కొడుకులు ముందుచూపు గలవాళ్ళు గదా, కర్మల కార్డు ఇప్పుడే కొట్టించి పెట్టుకుందామని నా దగ్గరికి వచ్చినారు."

"ప్రాణముండగానేనా!" అని అమ్మణి చెంపలేసుకుంది.

"విను అక్కా. నేను ఆయన పేరు కొట్టినాను. చుట్టూ నల్ల గీత వేసినాను. ఎంత లావు? నా బొటనవేలంత! నాలుగు మూలలూ చీమ దూరే సందు లేకుండా కలిపేసినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? యమభటులు వచ్చినారు. పేరు చూసుకున్నారు, ఇదే అన్నారు, చెయ్యి పెట్టినారు. గీత అడ్డం! ఇటు తిరిగినారు, అటు తిరిగినారు. పాశం ఇసిరినారు, గీతకు తగిలి వాళ్ళ మెడకే చుట్టుకుంది. కడాకు యముడే దిగి వచ్చినాడు. దున్నపోతు ఎనక్కి పోయి పరిగెత్తుకోనొచ్చి మూలలో కుమ్మింది. ఒక కొమ్ము ఊడిపోయింది, నా మూల కదల్లేదు! 'ఎవడ్రా ఈ గీత గీసింది?' అన్నాడు యముడు. 'పెరంబూరు వెంకటపతి సామీ' అన్నారు భటులు. 'ముందే చెప్పకూడదా, పదండి పదండి' అని ఎక్కి ఎళ్ళిపోయినాడు."

"ఆ పెద్దమనిషో?" అన్నాడు మాదయ్య.

"బతికే ఉండాడు! పొద్దున ఆరు ఇడ్లీలు తింటాడు! అందుకే ఎవరినడిగినా చెప్తారు, వెంకటపతి ఒక పేరు చుట్టూ గీత గీసినాడంటే, ఆ మనిషికి చావు లేదు!"

పరంధామయ్య గ్లాసు కింద పెట్టాడు.

"నిజమే నాయనా. నేనే సాక్షి" అన్నాడు.

వెంకటపతి మొహం విప్పారింది. ఇన్నేళ్ళకు తనంతట తాను వచ్చిన సాక్షి. "చూసినారా! మీరు ఆయన్ని ఎరుగుదురా పెద్దాయనా?"

"బాగా ఎరుగుదును. ఆరు కాదు, మూడు ఇడ్లీలే తింటాడు. ఇప్పుడే నీ పక్కన కూచోని చక్కెర లేని టీ తాగినాడు." జేబులోంచి కార్డు తీసి అతని చేతిలో పెట్టాడు. "ఆ గీత లోపల ఉండే పేరు నాదే. నాకేమీ కాలేదు. కానీ గీత బయట ఉండేవాళ్ళకు ఆ సంగతి తెలియదు గదా? పొద్దున ఇద్దరు దండలు తెచ్చినారు. పెండ్లివారు పెండ్లి ఆపేసినారు."

అమ్మణి తొంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఐయో, ఈ కార్డు నేనే మడిచినాను. పాపం పెద్దాయన పోయినాడే, అయినా ఏడాది తిరగకుండానే పెండ్లి పెట్టుకున్నారే, ఎట్లాంటి మనుషులో అనుకుంటిని."

వెంకటపతి కార్డును ఎండలోకి పట్టుకుని చూశాడు, నీడలోకి పట్టుకుని చూశాడు. అతనికి అంతా అర్థమైంది. అతను ఎంత కోతలరాయుడైనా పని తెలిసినవాడు.

"ఎవరు వేయమన్నారు నాయనా?" అన్నాడు పరంధామయ్య. "ఆడ పెండ్లివారు అడగతా ఉండారు. వాళ్ళ సంగతి తర్వాత. నాకు చెప్పు. నా కొడుకు చెప్పినాడా?"

వెంకటపతి బెంచీ మీద కూలబడ్డాడు. "లేదు సామీ. ఎవరూ చెప్పలేదు. నేను ముహూర్తం వరుస చుట్టూనే వేసినాను. ప్రూఫు కూడా బాగుండె. ఆ మరుసటి రోజు మీ అబ్బాయి మళ్ళా వచ్చినాడు. పైన ఇంకా రెండు వరుసలు చేర్చమన్నాడు. చేర్చినాను. కింద ఉండేవన్నీ రెండు వరుసలు దిగినాయి. ముహూర్తం గీతలోంచి కిందికి పోయింది. పైన ఉండే మీ పేరు దిగి వచ్చి గీతలో పడింది." తల వంచుకుని, ఎవరికీ వినబడకూడదన్నట్టు మెల్లగా చెప్పాడు. "నా గీత కుక్క మాదిరి రాదు సామీ. అక్షరాలు జరిగితే అది ఆడనే నిలబడుతుంది. మనమే పట్టుకోని జరపాల. నేను చూసుకోలేదు. చూడకుండానే అచ్చుకు ఇచ్చేసినాను."

"ఏమా రెండు వరుసలు?"

వెంకటపతి వేలు పెట్టి చూపించాడు. వినాయకుడి బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉంది. 'పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు రైళ్ళకు రంగులద్దిన మా నాయనగారి ఆశీర్వాదంతో, ఆయన కోరిన నాదస్వర కచేరీతో.'

రెండు రోజులుగా ఆ కార్డును వందసార్లు తీసి చూశాడు పరంధామయ్య. ఆ వరుసలు చదవనే లేదు. ఆయనకు గీత తప్ప ఇంకేమీ కనబడలేదు. ఇప్పుడు చదివాడు, మళ్ళీ చదివాడు. కొడుకును అనుమానించినందుకు సిగ్గేసింది, అంతకు పది రెట్లు సంతోషమూ కలిగింది. కండువాతో మొహం తుడుచుకున్నాడు, చెమట తుడుచుకున్నట్టుగా.

"పద" అన్నాడు వెంకటపతితో. "వ్యాసర్పాడికి పోదాం. ఇప్పుడు చెప్పిందే ఆడ చెప్పు."

వెంకటపతి గాభరాపడ్డాడు. "నేనా? పదిమందిలో నిలబడి నాకు చేతగాలేదని చెప్పాలనా? కార్డులు మళ్ళా కొట్టిస్తాను సామీ, మూడు వందలూ నా తప్పుకు నేనే వేసిస్తాను. రమ్మని మాత్రం అనకండి. ఆ ముసలామె ముందు నేను నిలబడలేను."

మాదయ్య బీడీ పారేసి లేచాడు. "ఏమప్పా వెంకటపతీ, యముణ్ణే దున్నపోతుతో సహా తిరిగి పంపించినావు. వ్యాసర్పాడి ముసలమ్మకు భయపడతావా?"

నవ్వు సందు చివరి దాకా పోయింది. అప్పుడే కరెంటు వచ్చింది. వెంకటపతి మారుమాట లేకుండా షట్టర్ ఎత్తాడు. పరంధామయ్య చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్ళి, అతని భుజం మీదుగా వంగి చూశాడు. తెర మీద గీతని పట్టుకుని కిందికి లాగాడు వెంకటపతి. అది ముహూర్తం చుట్టూ కూచుంది. "ఓహో, పట్టుకోవాల్సింది దీని మూలనా?" అని అడిగి, ఆయన తన చేత్తో ఒకసారి లాగి చూశాడు. గీత వంకర పోలేదు. ఆ మాటే రెండుసార్లు అన్నాడు. సరిచేసిన కార్డు ఒకటి ప్రింటు తీసుకుని ఇద్దరూ బయల్దేరారు.

ఆరు గంటలకు ఇద్దరూ బస్సు దిగి వ్యాసర్పాడిలో భువనేశ్వరమ్మ ఇంటి అరుగు మీద ఉన్నారు. ఆమె పాత కార్డు ఒక చేత్తో, కొత్త కార్డు ఒక చేత్తో పట్టుకుని, కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ కూచుంది. వెంకటపతి నిలబడే చెప్పాడు. "ఎవరూ వేయమనలేదు, నేనే వేసినాను, అక్షరాలు జరిగినాయి, గీతను జరపడం నేను మరిచిపోయినాను."

"అంతేనా?" అంది ఆమె.

"అంతేనమ్మా."

భువనేశ్వరమ్మ చాలాసేపు కొత్త కార్డు చదివింది. పైన ఉన్న రెండు వరుసల దగ్గర ఆగింది. "ఇది మీ అబ్బాయి రాయించినాడా?" అని పరంధామయ్యను అడిగింది.

"అవునమ్మా. నాకు చెప్పకుండా రాయించినాడు."

"మావాడు నాకు ఒక్క వరుస రాయించలేదు" అంది, లోపలికి వినబడేటట్టు. ఆ తర్వాత వెంకటపతి వైపు తిరిగింది. ఆమె కోపం పోయి, మొహంలో వింత కనబడింది. "ఏమబ్బయా, అంత పెద్ద కంప్యూటర్ గదా. అందులో గీత తనంతట తాను జరగదా?"

వెంకటపతి కళ్ళు మెరిశాయి. ఛాతీ పొంగింది. "మామూలువాళ్ళ గీతలైతే జరగవమ్మా. నా గీత మాత్రం..."

పరంధామయ్య దగ్గాడు.

"జరగదమ్మా" అన్నాడు వెంకటపతి.

"అట్లా చెప్పు" అంది భువనేశ్వరమ్మ. రెండు కార్డుల్లో పాతదాన్ని ముక్కలు చేసి అరుగు కింద పడేసింది. కొత్తదాన్ని కొంగుతో తుడిచి, లేచి, దేవుడి గూట్లో పెట్టడానికి లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఆగి పరంధామయ్యతో అంది:

"శుక్రవారం లోపల పిల్ల జాకెట్టు కొలత పంపించండి. మా టైలరు ఆలస్యం చేస్తాడు."